ఎండపూట ఖాళీ అయిన ట్యాంకు

సోఫాలు కుట్టే మేస్త్రికి దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. కొత్త స్పాంజి తెస్తే వాసన చూసి, వేళ్లతో నొక్కి, అంచు తుంచి చూస్తేగాని దుకాణంలోకి రానిచ్చేవాడు కాదు. "నన్నూ ఇలాగే చూసి చేసుకున్నారా?" అని భార్య అడిగితే, "అప్పటికింత తెలివి లేదులే" అనేవాడు.

వాళ్లుండే వీధి ఏటవాలుగా ఉంటుంది. మేస్త్రి ఇల్లు పల్లంలో. ముందు దుకాణం, వెనక కాపురం, పై అంతస్తులో డ్రైవింగ్ నేర్పే బావమరిది. గట్టి వాన పడితే ఇళ్ల కప్పుల మీది నీళ్లన్నీ వీధి వెంట పారి, గుమ్మం మెట్లు దిగి సరాసరి దుకాణంలోకే వచ్చేవి. తడిసిన కుర్చీలకు జవాబు చెప్పలేక మేస్త్రికి తలప్రాణం తోకకొచ్చేది.

ఆ ఏడు పురపాలకం వాళ్లు వీధిలో ఇంటింటి వెనకా ఒక పెద్ద ట్యాంకు పెట్టారు. కప్పు మీది వాన అందులో చేరుతుంది, వాడుకకు పనికొస్తుంది. పెద్ద వాన రాబోతోందని కబురందితే దాని వాల్వు దానంతటదే తెరుచుకుని, పాత నీళ్లను కాలువలోకి వదిలి కొత్త నీళ్లకు చోటు చేస్తుంది. బిగించడానికి వచ్చినావిడ ఈ సంగతి బావమరిదికి చెప్పి, అతని ఫోన్లో యాప్ పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రి అప్పుడు మేకులు కొడుతున్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒకనాడు చక్కగా ఎండ కాస్తుండగా వెనక గొట్టంలోంచి నీళ్లు కాలువలోకి పోతున్నాయి. సాయంత్రానికి ట్యాంకు డొల్ల. వస్తుందన్న వాన ఎటో తప్పుకుపోయింది. మేస్త్రి తలెత్తి చూస్తే, పైన బావమరిది ఫోన్ చూసుకుంటూ నవ్వుతున్నాడు.

"మీ తమ్ముడు మన నీళ్లతో ఆటలాడుతున్నాడు," అన్నాడు భార్యతో.

"వాడికేం పనిలేదా?"

"కారు కడుక్కోవడానికి సరిపడా తోడుకుని, మిగతాది మనకు దక్కకుండా వదిలేస్తున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

మళ్లీ ట్యాంకు నిండగానే, గొట్టానికున్న చేతి వాల్వును ఎవరూ చూడకుండా బిగించేశాడు. ఆ తర్వాత కళ్లలో వత్తులు వేసుకుని కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. పైన బావమరిది కూడా కిటికీ వదలడం లేదు. వాల్వు తెరుచుకుందని ఫోన్ చెబుతోంది, నీళ్లు మాత్రం తగ్గడం లేదు. బావే ఏదో చేశాడని అతని అనుమానం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బావమరిది మెల్లగా కదిపాడు. "నీళ్లకేం ఇబ్బంది లేదుగా బావా?"

"నాకెందుకుంటుంది? ఇబ్బందల్లా వేరేవాళ్లకే."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడని మేస్త్రి లోలోపల మురిసిపోయాడు. మేస్త్రి భార్య ఇద్దరి మొహాలూ చూసి, చారు గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లిపోయింది.

చేతులు కడుక్కునే లోపే వాన అందుకుంది. నిండుగా ఉన్న ట్యాంకు క్షణాల్లో పొర్లి, నీళ్లు దుకాణంలోకి దారి తీశాయి. మేస్త్రి వెనక్కి పరుగెత్తాడు. అప్పటికే బావమరిది తడిసి ముద్దై గొట్టం తడుముతున్నాడు.

"దొరికావు. ఏం చేస్తున్నావోయ్ ఇక్కడ?"

"నువ్వేం చేశావో చూద్దామని వచ్చాను. నీళ్లు వదలాలని పొద్దున్నుంచీ ఫోన్ మొత్తుకుంటోంది."

"వదలడమెందుకు?"

"ఈ వానకి చోటుండాలి కదా బావా."

మేస్త్రి వంగి, తాను బిగించిన వాల్వు తిప్పాడు. ఇద్దరూ దుకాణంలోకి పరుగెత్తి కుర్చీలన్నీ బల్లల మీదికి ఎత్తారు. పళ్ల డాక్టరుగారి సోఫా ఒక్కటే బరువుకి లేవలేదు. దాని అడుగంతా నానిపోయింది.

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు మేస్త్రి, నీళ్లు తోస్తూ.

"ట్యాంకు బిగించినావిడ నీకూ చెప్పిందనుకున్నాను. నువ్వూ అడగలేదు."

"అడిగితే నిజం చెబుతావని ఏం నమ్మకం?"

బావమరిది నవ్వలేదు. "నేనూ నిన్ను అలాగే అనుకున్నాలే," అన్నాడు.

మర్నాడు మేస్త్రి డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పి, సోఫా అడుగు విప్పి మళ్లీ కుట్టాడు. చేతి వాల్వు జోలికి ఇక పోలేదు. తర్వాతి వానల్లో దుకాణం తడవలేదు.

అయినా వాన కబురు వచ్చినప్పుడల్లా బావా బావమరుదులిద్దరూ గొట్టం దగ్గర నిలబడి చూసేవారు. ఒకసారి తమ నీళ్లు పోతున్నాయిగానీ ఎదురింటి గొట్టం పొడిగా ఉంది.

"ఏమంటావు బావా?" గొంతు తగ్గించి అడిగాడు బావమరిది.

"వాళ్ల వాలకం నాకు మొదట్నుంచీ తేడాగానే ఉంది," అన్నాడు మేస్త్రి.

కాసేపు అలాగే చూశారు. తర్వాత, అడిగే చూద్దామని వీధి దాటి వెళ్లి తలుపు కొట్టారు.