తట్టలోంచి కారిన నల్లనీళ్లు

మొన్న నేను దేవుడి దీపానికి వత్తుల పొట్లం విప్పుతుంటే, జనగామలో డిగ్రీ చదువుతున్న మా మనుమరాలు పక్కన కూర్చుని ఫోనులో సముద్రం అడుగు చూపించింది. ఎండ పొడ సోకని ఆ లోతులో నేల పగిలి వేడినీళ్లు ఎగజిమ్ముతుంటే, చుట్టూ ఆల్చిప్పలు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. ఆ నీళ్లలో మురిగిన గుడ్డు కంపు కొట్టే వాయువు ఉంటుందట. ఆల్చిప్పల మొప్పల్లో కాపురముండే సూక్ష్మజీవులు ఆ వాయువు బలంతోనే తిండి తయారుచేసి, ఇల్లిచ్చిన ఆల్చిప్పకే పెడతాయట.

"ఛీ, బంద్ చెయ్ బిడ్డా!" అన్నాను గానీ, అప్పటికే కంపు నా ముక్కుకు తగిలింది. ఫోనుకు వాసన ఉండదని నాకూ తెలుసు. అది మా బచ్చన్నపేట చెరువు కంపు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎండాకాలం చెరువు అడుగంటగానే ఊరంతా అందులోని నల్లమట్టి తవ్వుకుని చెల్కల్లో, అంటే మెట్టచేలల్లో, బలానికి పోసుకునేవాళ్లం. మా ఎర్రచెల్కలో వరసగా రెండేళ్లు పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు; ఈసారీ పండకపోతే బాపు, అంటే మా నాన్న, బొంబాయి పనికి పోవాలని ఇంట్లో తేల్చేశారు. నేను బడికి పోలేదు, రోజూ దీపం ముందు కూర్చోబెట్టి పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది బాపే. ఆయన పోతే నా చదువూ ఆయన వెంటే పోతుంది. అందుకే తట్ట ఎత్తాను.

ఎత్తాను గానీ, ఆ రోత ఏమని చెప్పను! పైపెళ్లలు పెకలిస్తే కింద కాటుకలాంటి బురద, అందులో చచ్చి నోళ్లు తెరిచిన ఆల్చిప్పలు, వాటిలో చీములా జారే మాంసం, దానిమీద ఈగలు. తట్ట కింది చుట్టబట్ట తడిసి, నల్లనీళ్లు చెంపల మీదుగా పెదవుల దాకా కారేవి. నోరు బిగబట్టుకుని నడిచి, కట్ట చాటున వాంతి చేసుకుని, మళ్లీ వచ్చి తట్ట అందుకునేదాన్ని. మధ్యాహ్నం నాయినమ్మ చేతులు కడుక్కునే మక్కజొన్న గట్క కలిపి పెట్టినా, ముద్ద ముద్దకూ చెరువే నోట్లోకి వచ్చినట్టుండేది.

సాయంత్రం కుంకుడు రసంతో ఎంత రుద్దుకున్నా గోళ్లలో కంపు పోలేదు. ఈ చేతులతో దీపం ముట్టించనని మొండికేశాను.

"అబ్బో, దేవునికి నీకన్న పెద్ద ముక్కున్నదా పిల్లా?" అని నవ్వింది నాయినమ్మ. "గీ మన్నులనే పత్తి కాస్తది, గా పత్తితోనే వత్తి జేస్తం. గది ఆయనకు ఎరుకలేదా? ముట్టియ్యి!"

ముఖం పక్కకు తిప్పుకుని ముట్టించాను.

ఆ ఏడు వానలు దయతలచాయి. పత్తి నా భుజాల దాకా లేచింది, బాపు మళ్లీ బొంబాయి ఊసెత్తలేదు. కార్తీకంలో తొలి ఏరుడు పత్తితో నాయినమ్మ వత్తులు చేసి నా చేతిలో పెట్టింది. ఈనాడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే దేవుడి దయ, ఆ బురద దయ. అంత రుణపడి ఉన్నా రోత మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ ఆల్చిప్ప కనబడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను.

ఇప్పుడు చెల్కకు బలం మందు బస్తాల్లో వస్తోంది, దీపానికి వత్తి పొట్లంలో వస్తోంది. మనుమరాలు లేచి వెళ్లాక ఒక వత్తి తీసి వాసన చూశాను. తెల్లగా, మెత్తగా ఉంది. ఏ వాసనా లేదు. చెరువు కంపు ఎరగని ఆ వత్తిని ముట్టించడానికి కాసేపు చెయ్యి రాలేదు.