ఆకువక్క వెనక్కి అడిగిన రోజు

మా అన్న ఎమ్మెల్యే పదవి ఊడగొట్టాలని నేను నాలుగేళ్ళు తిరిగాను. న్యాయం కోసం తిరిగానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది కానీ, అబద్ధం. నాకు కావలసింది కక్ష తీర్చుకోవడం.

వాడు పెద్దనాన్న కొడుకు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి అన్న స్థానంలో అన్నీ వాడే చేశాడు. సింగానల్లూరులో మా వీధి వీధంతా తెలుగు ఇళ్ళే. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. నేను ఇంటి ముందు షెడ్డులో పంపు మోటార్లకు వైండింగ్ చేస్తాను.

మా వీధిలో ఏ పెద్ద పనికైనా ఆ ఇంటి ఆడపడుచు ఇత్తడి పళ్ళెంలో ఆకువక్క పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఆకువక్క తీసుకున్న ఇల్లు మాట తప్పదు. అడిగించినవాడు మాట తప్పితే మాత్రం మచ్చ పళ్ళెం పట్టినదానికే. ఆ మాట రద్దు కావాలంటే అదే మనిషి ఖాళీ పళ్ళెంతో గడప గడపకీ వెళ్ళి ఆకువక్క వెనక్కి అడగాలి. నా ఎరుకలో అలా ఎవరూ వెళ్ళలేదు. ఆ సిగ్గు ఎవరు పడతారు?

ఎన్నికల్లో అన్న కోసం పళ్ళెం నేనే పట్టాను. ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. ప్రతిపక్ష పార్టీ తరఫున వాడు గెలిచాడు.

గెలిచిన ఏడాదికి నా చిన్న కూతురికి చెవులు కుట్టించాం. ఉదయం మేనమామగా వాడు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నాలుగు మూలలా పసుపు పెట్టిన కొత్త తుండు నేను వాడి భుజాన వేశాను. భోజనం చేసి, పిల్ల బుగ్గ గిల్లి, పని ఉందని వెళ్ళాడు. ఆ సాయంత్రమే గాంధీపురంలో ఒక హోటల్ హాల్లో పాలక పార్టీ నాయకుడు వాడి భుజాన తమ పార్టీ అంచు తుండు వేశాడు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది.

పాల కోసం వెళితే ఎదురింటి అత్త అందరి ముందే అంది, "ఏం అమ్మణీ, నువ్విచ్చిన ఆకు మేం నమలకుండా ఎత్తిపెట్టుండాల్సింది."

తల కొట్టేసినట్టయింది. అన్నకు ఫోన్ చేశాను.

"ఇదంతా అరసియల్ అమ్మణీ, నీకి అర్థం గాదు. విడు," అన్నాడు. రాజకీయాన్ని మా వాళ్ళు తమిళంలోనే అరసియల్ అంటారు. వాడు నవ్వుతూ అనడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పీలమేడులో ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. పార్టీ మారినవాడి పదవి తీసేసే అధికారం స్పీకర్‌దేనని, అర్జీ ఆయనకే ఇవ్వాలని ఆమె చెప్పింది. స్పీకర్ వాడు దూకిన పార్టీ మనిషే. అయినా పెట్టాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆ తర్వాత మా దాయాదుల ఇళ్ళలో ఏ శుభకార్యానికీ నన్ను పళ్ళెం పట్టమనలేదు. ఖాళీ పళ్ళెంతో వెళ్ళి ఆ మచ్చ కడుక్కోవచ్చు. కానీ కడుక్కుంటే నాకు హాయి, వాడికి ఏమీ కాదు. అందుకే వెళ్ళలేదు. మోటారులో రాగి తీగ చుట్టేటప్పుడు ఒక్కో చుట్టుకీ వాణ్ణి తిట్టుకునేదాన్ని. వైండింగ్ మాత్రం చక్కగా వచ్చేది.

రెండేళ్ళు చూసి చెన్నైలో హైకోర్టుకు వెళ్ళాం. స్పీకర్ బదులు తాము నిర్ణయం తీసుకోలేమని, అలాగని ఆయన అర్జీ కింద పెట్టుకుని కూర్చోనూ కూడదని కోర్టు చెప్పింది. మూడు నెలల్లో తేల్చమంది. సరిగ్గా చివరి రోజున ఆయన తేల్చాడు. అర్జీ కొట్టేశాడు.

ఆ ఉత్తర్వు చదివితే ఒళ్ళు మండిపోయింది. పేపర్లో ఫోటో మా ఇంటి వేడుకలోదేనని అన్న చెప్పుకున్నాడట. నాయకుడు అతిథిగా వచ్చాడట. భుజం మీది తుండు మేనమామకు చెల్లెలు వేసిందట! నన్ను మోసం చేసింది చాలక, నా చేతినే సాక్ష్యానికి వాడుకున్నాడు. పసుపు తుండు ఫోటో, నేను రాసిచ్చిన అఫిడవిట్ స్పీకర్ ముందే ఉన్నాయి. ఉత్తర్వులో వాటి ఊసే లేదు.

మళ్ళీ చెన్నై రైలెక్కాను. స్పీకర్ నిర్ణయంలో కోర్టు వేలు పెట్టరాదని అవతలి లాయరు గంటసేపు వాదించాడు. ఈ చట్టం కింద స్పీకర్ తీర్పరిగా కూర్చుంటాడని, తీర్పరి ముందున్న సాక్ష్యం చూడకపోతే తాము చూస్తామని జడ్జి అన్నాడు. వకీలమ్మ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. ఒక తుండుకు మూలల్లో పసుపు ఉంది. రెండోదానికి పార్టీ అంచు ఉంది. జడ్జి కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. ఉత్తర్వు రద్దయింది. మళ్ళీ విచారించి మూడు నెలల్లో చెప్పమన్నారు. ఆ రోజు సెంట్రల్ స్టేషన్లో రెండు ప్లేట్లు ఇడ్లీ తిన్నాను. అంత ఆకలి నాకు ఎన్నడూ వేయలేదు.

స్పీకర్ ఇంకొంచెం గడువు అడిగాడు. అది తీరేలోపు ఎన్నికలకని సభనే రద్దు చేశారు. సభ్యత్వమే లేనివాణ్ణి ఏ సభ్యత్వం నుంచి తీసేస్తారు? కోర్టు నా మాట విన్నది. వాడు మాత్రం చివరి రోజు దాకా ఆ కుర్చీలో కూర్చునే లేచాడు. నేను షెడ్డులో కూర్చుని గట్టిగా ఏడ్చాను.

నెల తిరగకముందే వాడు ఆ కొత్త పార్టీ టికెట్‌తో మా ఇంటికి వచ్చాడు. వెనక కార్యకర్తలు, ఇద్దరు కెమెరాల వాళ్ళు.

"జరిగిందేమో జరిగిపోయింది అమ్మణీ. కోర్టుకి పోతివి, నేనేమన్నా అన్నానా? నీ కోపం నాకి తెలుసు. మన వీధికి పళ్ళెం నువ్వే పట్టాల," అన్నాడు.

"సరి అన్నా. నా వెనకే రా. ప్రతి గడపకీ రావాల," అన్నాను.

లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం చింతపండుతో తోమి, ఖాళీగా పట్టుకుని బయటికి వచ్చాను. మెడలో దండ సర్దుకుంటున్న వాడు అటు చూడలేదు.

మొదట ఎదురింటికే వెళ్ళాను. పళ్ళెం చాచి, "అత్తా, పోయినసారి వీడి కోసం ఇచ్చిన ఆకువక్క నాకి తిరిగిచ్చేయండి," అన్నాను.

అత్త పళ్ళెం చూసింది, నన్ను చూసింది, నా వెనక దండ వేసుకున్నవాణ్ణి చూసింది. లోపలికి వెళ్ళి రెండాకులు, ఒక వక్క తెచ్చి పళ్ళెంలో పెట్టి, నా తల నిమిరింది.

వాడి ముఖం మాడిపోయింది. వెనక్కి తిరిగి పోదామంటే కెమెరాలు. ఇంటింటికీ నా వెనకే నడిచాడు. వీధి చివరికి వచ్చేసరికి పళ్ళెంలో ఆకులు పొర్లి కింద పడుతున్నాయి.

నా దగ్గరికి వంగి గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మణీ, ఊరి ముందర ఇట్ల చేస్తివే. కొంచెం టైం ఇయ్యి, అన్నీ సరి చేస్తా."

"టైం ఇచ్చేది స్పీకరు, అన్నా. నేను గాదు," అని పళ్ళెం వాడి చేతుల్లో పెట్టి ఇంటికి వచ్చేశాను.