జరీ లోపలి ఎరుపు

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే కదిరప్పకు ధర్మవరం వీధి అంతా పాదాలుగానే కనిపిస్తుంది. ఆ రోజు గడప దాటిన పాదాలను ముఖం చూడకముందే గుర్తుపట్టాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడె చేతిలో ఆగిపోయింది.

"మా బిడ్డ ఐశ్వర్య పెండ్లి చీర. నువ్వే నేయల్ల," అని వరలక్ష్మమ్మ జరీ దారం చుట్టిన కండెల సంచి కింద పెట్టి వెళ్లిపోయింది.

ఇరవై ఏడేళ్ల కిందట ఆమె అతనికి కాబోయే భార్య. పట్టు వ్యాపారి వీరభద్రయ్య దగ్గర జరీ కండెలు మాయమైతే, ఆయన కదిరప్ప మీద కేసు పెట్టాడు. పద్నాలుగు నెలల జైలు. తిరిగొచ్చేసరికి వరలక్ష్మమ్మ వీరభద్రయ్య భార్య.

జైల్లో అతనికి అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. ఏదో ఫ్రెంచి నవల, తెలుగులో. చేయని తప్పుకు చెరలో పడి, వలచిన పిల్లను పోగొట్టుకున్నవాడు మారువేషంలో వచ్చి పగ తీర్చుకుంటాడు. చివరి పేజీలు ఎవరో బీడీలకు చింపుకున్నారు. ఆ లేని పేజీలను కదిరప్ప ఇన్నేళ్లూ మనసులో నేస్తూనే ఉన్నాడు. తనకు మారువేషం అక్కర్లేదు. చీర కట్టేవాళ్లు నేసినవాడి ముఖం చూడరు.

అసలు జరీని గోటితో గీకితే లోపల ఎర్ర పట్టు దారం కనిపిస్తుంది. నకిలీదైతే తెలుపు. నకిలీ జరీ ఏడాదిలో నల్లబడుతుంది. వీరభద్రయ్య బిడ్డ అత్తవారింట్లో నల్లబడిన అంచుతో నిలబడాలి. కదిరప్ప అసలు కండెలను అటక మీద దాచి, బజారులో కొన్న నకిలీవి నాడెలోకి ఎక్కించాడు.

"ఏమప్పా, చీర నేస్తాండావా, దాంతో కొట్లాడతాండావా?" అంది భార్య భద్రమ్మ. పోగులు తెగుతూనే ఉన్నాయి.

రెండు మూరలు నేశాక వరలక్ష్మమ్మ చూడ్డానికి వచ్చింది.

"గీకి చూసుకో," అన్నాడు కదిరప్ప బిగ్గరగా.

"నీ చేతి పనిని గీకి చూడాల్నా? ఆ పొద్దు కండెలు నువ్వు తీయలేదని నాకు తెల్సు."

"తెల్సీ చెప్పలేదా?"

"మా నాయన ముందర నోరు పెగల్లేదు."

ఆమె వెళ్లాక కదిరప్ప అటక వైపు చూశాడు. తనది కాని జరీ తన ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి. వీరభద్రయ్య ఆనాడు చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు తన చేత్తోనే నిజం చేశాడు. ఒళ్లంతా దురద పుట్టినట్టయింది. అటక ఎక్కి అసలు కండెలు దించాడు. రెండు మూరలూ పోగు పోగుగా విప్పడానికి మూడు రోజులు పట్టింది.

నేసిన చీరను మగ్గం నుంచి కోసే రోజు వీరభద్రయ్యే వచ్చాడు. అడక్కుండానే అంచు మీద గోరు పెట్టాడు. ఎరుపు. మరోచోట గీకాడు. ఎరుపే. ఆయన గోరు వెనక్కి తీసుకున్నాడు.

"కదిరప్పా... ఆ కండెలు పది దినాలకే నా గోదాంలో దొరికినాయి. అప్పటికే నా పెండ్లి మాటలు నడుస్తాండె. చెప్పలేకపోయినా."

కదిరప్ప కత్తెర పట్టుకున్న చేతిని చూసుకున్నాడు. తర్వాత పడుగు పోగులు కోసి, చీర మడిచి ఇచ్చాడు.

"నన్ను మన్నించినట్టేనా?"

"అది నాకే ఇంకా తెలీదు. చీర మాత్రం అసలుది. ఎత్తుకుపో."

వీరభద్రయ్య పాదాలు గడప దగ్గర చాలాసేపు ఆగాయి. కదిరప్ప వాటిని చూస్తూనే మగ్గం తొక్కడానికి గుంటలో కాళ్లు కదిపాడు.