అల్లుడుగారి ప్రాసెసర్

మామగారు పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ" అని పిలుస్తారు. చిన్నల్లుణ్ణి "ఒరేయ్ చిన్నోడా" అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మొదటి పిలుపు పెద్దల్లుడికి మహా గొప్పగా ఉండేది. మరదలి పెళ్ళయ్యి రెండో పిలుపు కూడా చెవిన పడ్డాకే తెలిసింది, "గారు" అనేది వరండాలో వేసే కుర్చీ లాంటిదని. కూర్చోబెట్టి మర్యాద చేస్తారు గానీ లోపలికి రమ్మనరు. అప్పటినుంచి ఆ మాట వింటేనే అతనికి ఒళ్ళు మండుతుంది.

మామగారిది రిపేరు షాపు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా లాప్‌టాప్‌ల దాకా వచ్చి ఆగిపోయారు. ఆ చిన్న చిన్న భాగాలు ఆయన కళ్ళకు ఆనలేదు. పెద్దల్లుడు అప్పటికే ఇంకోచోట ఇదే పనిలో ఉండేవాడు. కూతురితో పాటు షాపు వెనక గదిని కూడా అప్పగించి తెచ్చుకున్నారు. ఆ గదిలో ఒక బల్ల, భూతద్దం బిగించిన దీపం, సోల్డరింగు వాసన, చచ్చిన లాప్‌టాప్‌లు పేర్చిన బీరువా. అక్కడికి అతనే రాజు. వచ్చిన చిక్కల్లా ఆ రాజును ఎవరూ చూడరు. తర్వాత వచ్చిన చిన్నల్లుడు ముందు గదిలో కుదురుకున్నాడు. వాడికి పని అంతంతమాత్రం, నోరు మాత్రం మంచిది. తల బద్దలుకొట్టుకుని బాగుచేసేది ఒకరు, "చాలా థాంక్సండీ" అనిపించుకునేది ఇంకొకరు. ఆ థాంక్సులన్నీ గోడ అవతలినుంచి పెద్దల్లుడికి వినిపిస్తూనే ఉంటాయి.

ఇంటికొచ్చి చెప్పుకుంటే భార్య నవ్వేసేది.

"మా చెల్లెలి మొగుడు తుమ్మితే మీకు జలుబు చేస్తుందేంటండీ?"

"నువ్వెప్పుడూ వాళ్ళ పక్షమే," అని అతను మూతి ముడుచుకునేవాడు.

ఇలా ఉండగా మామగారి మోకాళ్ళు మొరాయించాయి. అందరూ భోజనాల దగ్గర ఉండగా, "ఇక నేను ఇంటిపట్టున ఉంటాను. నా కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఆలోచించి చెబుతాను," అన్నారు. ముందు గదిలో గాజు బల్ల వెనక, చేతులు అరిగిపోయిన కుర్చీ అది. అందులో కూర్చున్నవాడే షాపుకు యజమాని. ఆ మాట విన్న దగ్గర్నుంచి పెద్దల్లుడికి ముద్ద దిగలేదు. వరసకు పెద్దవాడు తను, పని తెలిసినవాడు తను. ఇందులో ఆలోచించడానికి ఏముంది? పైగా ఆ మాట అంటూ మామగారు చిన్నోడి వైపు చూశారని అతని అనుమానం. నిజానికి ఆయన పెరుగు గిన్నె వైపు చూశారు.

మామగారికి ఒక పాత లాప్‌టాప్ ఉంది. మధ్యాహ్నం షాపులో సందడి తగ్గాక దాంట్లో చదరంగం ఆడుకుంటారు. గెలిచినప్పుడల్లా దాని మూత మీద తట్టి, "రేపు చూసుకుందాం లే," అంటారు. ఈమధ్య అది తెరుచుకోవడానికే ఆపసోపాలు పడుతోంది. ఒకరోజు ఆయన విసుక్కుంటే చిన్నల్లుడు అన్నాడు, "పాత డిస్కు తీసి కొత్తది వేయిస్తే సరిపోతుంది మామయ్యా. అన్నయ్యకి చెప్తానుండండి."

గోడకు ఇవతల పెద్దల్లుడి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వేసేది తను, వేయించిన పుణ్యం వాడిది. గబగబా ముందు గదిలోకి వచ్చాడు.

"డిస్కుదేముంది మామయ్యగారూ, ఎవడైనా మారుస్తాడు. నేను ప్రాసెసరే మార్చేస్తాను."

"లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మారుతుందా అన్నయ్యా? బోర్డుకే అతికి ఉంటుంది కదా," అన్నాడు చిన్నల్లుడు.

"ఇప్పటివాటిలో అంతే. ఇది పాతది, సాకెట్లో కూర్చుంటుంది. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది."

"అల్లుడుగారు అంటున్నారుగా, చెయ్యనివ్వరా," అన్నారు మామగారు.

బీరువాలో అదే మోడల్‌లో ఖరీదైన రకం ఒకటి ఉంది. నీళ్ళు పడి దాని బోర్డు పోయింది గానీ ప్రాసెసర్ నిక్షేపంగా ఉంది. మామగారి దానికన్నా రెండింతలు చురుకైనది. పెద్దల్లుడు ఆయన లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, అడుగు మూత విప్పి, ఫ్యాను, దానికి అంటుకుని ఉన్న రాగి గొట్టం పైకి తీశాడు. వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండి అట్టకట్టి ఉంటే గుడ్డతో తుడిచాడు. సాకెట్టు స్క్రూ అరచుట్టు తిప్పి పాత ప్రాసెసర్‌ను వేళ్ళతో ఎత్తాడు. కొత్తదాని మూలనున్న బంగారు గుర్తును సాకెట్టు మీది గుర్తుకు కలిపి ఊపిరి బిగబట్టి ప్రాసెసర్‌ను వదిలాడు. దాన్ని నొక్కకూడదు, దానంతటదే దిగాలి. నొక్కితే సూదుల్లాంటి కాళ్ళు వంగిపోతాయి. అది దిగింది. పైన బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి అన్నీ బిగించాడు. ఆ సేపంతా అతని కళ్ళముందు ఆడింది మాత్రం కుర్చీయే.

లాప్‌టాప్ చటుక్కున తెరుచుకుంది. మామగారు "అబ్బో" అన్నారు. ఆ "అబ్బో"ను పెద్దల్లుడు భద్రంగా ఇంటికి మోసుకెళ్ళి భార్యకు వినిపించాడు. చిన్నోడి మొహం ఎలా మాడిపోయిందో కూడా చెప్పాడు. అది మాడలేదు, కానీ అతనికి అలాగే కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం మామగారు ఆట ఓడిపోయారు. ఆ మర్నాడూ ఓడిపోయారు. తర్వాత రోజూ అదే వరస. మూత మీద తట్టడం మానేశారు, మాట తగ్గించారు, టీ సగంలోనే వదిలేశారు. ఎందుకిలా జరుగుతోందో పెద్దల్లుడికి తట్టేసరికి చెమటలు పట్టాయి. ఆ ఆటకు ఎత్తు ఎత్తుకూ కొన్ని క్షణాలే గడువు. పాత ప్రాసెసర్‌తో ఆ క్షణాల్లో దానికి ముక్కు ముందున్నదే కనపడేది. ఇప్పుడు అవే క్షణాల్లో ఎక్కడెక్కడివో ఎత్తులన్నీ చూసేస్తోంది. తను చేసిన పని అక్షరాలా మామగారి నెత్తిమీదకే వచ్చింది.

"దాని స్థాయి తగ్గిస్తాను మామయ్యగారూ. కాదంటే పాత ప్రాసెసరే పెట్టేస్తాను," అని బతిమాలుకున్నాడు.

"వద్దు అల్లుడుగారూ. ఇన్నాళ్ళూ అది చేతనైనంత ఆడి ఓడింది. ఇప్పుడు నాకోసం ఓడితే నాకెందుకు చెప్పండి?"

ఆ సాయంత్రమే ఆయన సొరుగులోంచి చెక్క చదరంగం బల్ల తీసి దుమ్ము దులిపారు. ఆ బల్ల పెద్దల్లుడికి తెలిసినదే. పెళ్ళయిన కొత్తలో దానిమీదే మామగారిని టీ చల్లారేలోగా ఓడించాడు. మళ్ళీ ఆయన ఎప్పుడూ ఆడదామనలేదు. తర్వాత కొన్నాళ్ళకే లాప్‌టాప్ కొనుక్కున్నారు. భయపడ్డారనుకుని పెద్దల్లుడు మురిసిపోయాడు.

ఇప్పుడు బల్లకు అటు మామగారు, ఇటు చిన్నల్లుడు. మధ్యాహ్నం కాగానే గోడ అవతల ఒకటే నవ్వులు. "చూసుకోరా చిన్నోడా, నీ మంత్రి పోయాడు," అని మామగారి గొంతు. పెద్దల్లుడు స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి లేచాడు. ప్రాసెసర్ వేసింది తను, దాని పుణ్యాన మామగారి ఎదుట చోటు దొరికింది వాడికి. ఏదో వెతుకుతున్నట్టు ముందు గదిలోకి వెళ్ళి ఓ కన్నేశాడు. చిన్నల్లుడు తన ఏనుగును చేతులారా తీసుకెళ్ళి బంటు నోట్లో పెట్టాడు. పెద్దల్లుడికి అంతా అర్థమైపోయింది. కాకా పడుతున్నాడు వెధవ. కుర్చీ కోసం రోజూ ఓడిపోతున్నాడు.

చిన్నల్లుడు పార్సిల్ తీసుకోవడానికి బయటికెళ్ళిన సమయం చూసి మామగారి చెవిన వేశాడు.

"చెప్పకూడదు గానీ మామయ్యగారూ, వాడు కావాలనే మీ చేతిలో ఓడిపోతున్నాడు."

మామగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

"కావాలని ఓడాలంటే ముందు ఆట రావాలి కదండీ. గుర్రం ఎటు దూకుతుందో వాడిప్పటికీ నన్నే అడుగుతాడు. అయినా రోజూ వచ్చి కూర్చుంటాడు." బల్ల మీద పావులు మళ్ళీ పేర్చారు. "మీకు బాగా వచ్చు. రండి, కూర్చోండి."

ఇన్నేళ్ళకు వచ్చిన పిలుపు అది. పెద్దల్లుడు కూర్చున్నాడు. ఆట సాగుతుంటే మామగారు చాలా రోజుల తర్వాత కూనిరాగం తీశారు. బల్లను కాకుండా అల్లుడి మొహాన్ని చూస్తూ ఆడారు. ఆ సంబరంలో రాజును గాలికొదిలేశారు. ఏనుగును ఒక్క గడి జరిపితే ఆట ముగిసిపోతుంది. జరపకుండా ఏ బంటునో ముందుకు తోస్తే ఈ మధ్యాహ్నం ఇంకాస్త సాగుతుంది. రెండూ పెద్దల్లుడికి కనిపిస్తూనే ఉన్నాయి. అతని చెయ్యి బంటు మీదకే వెళ్ళింది.

అప్పుడే చిన్నల్లుడు పార్సిల్‌తో తిరిగొచ్చి బల్ల మీదకు వంగాడు. "అన్నయ్య ఆడుతున్నాడా? అయితే మీ పని అయిపోయినట్టే మామయ్యా," అన్నాడు. వాడు మెచ్చుకోలుగానే అన్నాడు.

వాడు చూస్తుండగా తగ్గడమా? పెద్దల్లుడి చెయ్యి బంటును వదిలేసి ఏనుగును పట్టుకుంది.

"ఆట కట్టు మామయ్యగారూ."

"బాగా ఆడారు," అని మామగారు పావులు ఒక్కొక్కటే డబ్బాలో వేశారు. చిన్నోడి భుజం పట్టుకుని లేచి నిలబడి, ఖాళీ అయిన తన కుర్చీని చూపించారు. "రేపట్నుంచి నువ్వు కూర్చోరా."

తర్వాత లాప్‌టాప్‌ను బల్ల మీదుగా పెద్దల్లుడి వైపు జరిపారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"ఇది మీరే ఉంచుకోండి అల్లుడుగారూ. మీకూ దానికీ సరిపోతుంది."

పెద్దల్లుడు దాన్ని చంకన పెట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. మూత తీయగానే చటుక్కున తెరుచుకుంది. గోడ అవతల ఎవరో "చాలా థాంక్సండీ" అంటున్నారు. అతను టీ గ్లాసు పక్కన పెట్టుకుని కొత్త ఆట మొదలుపెట్టాడు. టీ చల్లారేలోగా ఓడిపోయాడు.