ద్రాక్షతీగల గిన్నె, వాసుదేవరావు గ్లాసు

అద్దాల పెట్టెలో ఆ రోమన్ వెండి గిన్నె మీద ద్రాక్షతీగ ఇంకా పాకుతూనే ఉంటుంది. రెండు వేల ఏళ్ళుగా ఒక్క పండూ రాలలేదు. ప్రతి శనివారం దాని ముందు నిలబడే భానుమతికి ఈవేళ మాత్రం ఆ తీగ కంటికి ఆనడం లేదు. మనసంతా బయట పార్కింగ్‌లో, కారు వెనక సీటు మీద, పాత పంచెలో చుట్టిపెట్టిన గ్లాసు దగ్గరే ఉంది.

అది భర్త వాసుదేవరావు వెండి గ్లాసు. ఆయన పోయి ఏడాది దాటింది. డెట్రాయిట్ పక్కన నోవైలో వాళ్ళు వెళ్ళే గుడికి వెండి మకరతోరణం చేయిస్తున్నారు. భక్తులిచ్చిన వెండి కరిగించి పోస్తారు. ఆయన గ్లాసు ఇస్తానని భానుమతే మాటిచ్చింది. దాన్ని తీసుకుపోవడానికి గుడి కమిటీలో ఉన్న స్నేహితురాలు నాగమల్లేశ్వరి, టూరు కూడా చూసినట్టుంటుందని మ్యూజియానికే వచ్చింది.

భానుమతి డెట్రాయిట్‌లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ గైడుగా చేరింది. “జనాన్ని నిద్రపుచ్చడమే కదా, ఉద్యోగం మారలేదు నీకు,” అని ఏడిపించేవారు ఆయన.

ఈవేళా అదే పాఠం ఇంగ్లీషులో ఒప్పజెప్పింది. రోమన్లకు విందంటే ఇంట్లో ఉన్న వెండంతా బయటికి తీయడం. అతిథి కళ్ళు నిండాకే కడుపు. ఈ గిన్నె లోపల నున్నటి గిన్నె ఇంకొకటి ఉంది. బయటిది చూసుకోవడానికి, లోపలిది తాగడానికి. పక్కనున్న లోతులేని పళ్ళెం పూజకి. అందులోంచి ద్రాక్షసారా దేవుడి పేరున ఒంపేవారు. అంతవరకు చెప్పి పక్క పెట్టె వైపు కదిలింది.

“ఆగవే,” నాగమల్లేశ్వరి ముక్కు అద్దానికి ఆనించింది. “అడుగున చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయిట. ఇక్కడ బోర్డు మీద రాశారు చూడు. సొంతదారు ఈ గిన్నెని దేవుడికి మొక్కు చెల్లించాడట. తాగిన గిన్నెనే!”

భానుమతికి అది కొత్త సంగతి కాదు. ట్రైనింగ్‌లోనే చదివింది. కానీ ఎంగిలి గిన్నె దేవుడికివ్వడమనే మాట ఆమె నోట వచ్చేది కాదు. ప్రతిసారీ ఆ ముక్క మింగేసి, తాగేవి వేరు, పూజవి వేరు అని చూపించి పంపేసేది.

టూరు అయ్యాక ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. మంచు దూదిలా రాలుతోంది.

“ఆయన గ్లాసూ ఎంగిలే కదే. ఎట్లా ఇస్తున్నాను నేను?”

“కరిగిస్తున్నాం కదే తల్లీ! నిప్పుకి ఎంగిలేంటి?”

“ఆ రోమన్ కరిగించకుండానే ఇచ్చాడుగా.”

“వాళ్ళకి మడీ లేదు, తడీ లేదు. నువ్వు రోమన్‌వా, రేపల్లెదానివా?”

భానుమతి కారు తలుపు తీసి గ్లాసు చేతిలోకి తీసుకుంది. పంచె విప్పింది. గ్లాసు అంచు ఒక్కచోట, ఆయన పెదవి ఆనేచోట, అరిగి పల్చబడింది. అన్నం ముందు కూర్చుని ఈ గ్లాసులోంచే అరచేతిలోకి నీళ్ళు ఒంపుకుని, మంత్రం గొణుగుతూ కంచం చుట్టూ తిప్పేవారు. మిగిలినవి గటగటా తాగేసేవారు. నీళ్ళు అవే. ఎక్కడిదాకా దేవుడివి, ఎక్కణ్ణించి ఆయనవి?

“మల్లేశ్వరీ, ఇది పూజదా, తాగేదా?”

“గ్లాసే, వట్టి గ్లాసు! చలికి చస్తున్నాను, ఇస్తావా లేదా?”

“నా వెండి కంచం ఇస్తాను. రేపు మా అమ్మాయి మృదుల తెచ్చిస్తుంది.”

“అది మాత్రం ఎంగిలి కాదూ?”

“నాదేగా. కరిగించుకోండి.”

ఇంటికొచ్చి గ్లాసు పట్టుకుని పూజగది గడప దగ్గర కాసేపు, వంటింటి అలమర దగ్గర కాసేపు నిలబడింది. ఎక్కడా పెట్టడానికి చెయ్యి రాలేదు. చివరికి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, స్టీలు కంచంలో అన్నం వడ్డించుకుంది. గ్లాసులో నీళ్ళు పోసి అరచేతిలోకి కొంచెం ఒంపుకుంది. మంత్రం రాదు. ఎటు తిప్పాలో కూడా తేలలేదు. ఆయన ఎప్పుడూ ఎదురు కుర్చీలో కూర్చునేవారు. ఆ తిప్పడం తన వైపునుంచి కుడో, ఎడమో.

ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిప్పింది. మిగిలిన నీళ్ళు, అంచు అరిగినచోటే పెదవి ఆనించి తాగింది.