నీళ్లు తట్టే మనిషి

చేపల కూర వద్దన్నానని నవ్వారు కదా? నవ్వండి. ఈ విస్తరి ముందు కూర్చుని చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి మెతుకు నా నోటికి అందకూడదు. దయ్యాలు లేవని వాదించేవాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి చేయి కడుక్కోవచ్చు.

నిజాం సర్కారు రోజులు. రజాకార్ల గొడవ ఇంకా మొదలు కాలేదు. పట్నంలో ఒక కచేరీలో నకళ్లు రాసేవాణ్ణి. పొద్దస్తమానం రాయడం, తిట్లు తినడం, మళ్లీ రాయడం. నాకున్న ఒక్క పిచ్చి గాలం వేయడం. పట్నం చెరువుల దగ్గర వేద్దామంటే చేపలకంటే జనమే ఎక్కువ. అప్పుడెవరో చెప్పారు... పాలమూరు సడక్ మీద బస్సు దిగి కోసు దూరం నడిస్తే ఒక కుంట ఉంది, ఆ ఊరి దొరది. కాపలావాడి చేతిలో నాలుగణాలు పెడితే తెల్లవార్లూ కూర్చోవచ్చు. గోల ఉండదు, అడిగేవాడు ఉండడు.

నిజంగానే ఎంత బాగుందో! చుట్టూ తుమ్మచెట్లు, నల్లటి రాతిగుండ్లు, మధ్యలో కుంట. పుష్యమాసం. చలి ఎముకలు కొరుకుతోంది. కాపలావాడు నర్సింలు, పెద్ద మీసాల మనిషి, కట్ట మీద గుడిసెలో ఉంటాడు. నాకు కందీలు వెలిగించి ఇచ్చి, వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఓ ఎల్లిగా! దొరొచ్చిండు. దిగు!"

ఒక మనిషి వచ్చాడు. గోచీ, భుజాన చినిగిన గొంగడి. నా సంచి అందుకుంటుంటే చేయి తగిలింది... కాలిపోతోంది.

"జరమొచ్చిందా?" అన్నాను.

"ఉన్నది దొరా. గదే పోతది."

"గీన్నెందుకు నీళ్లల్ల దింపుతవ్?" అని నర్సింలును అడిగాను. అడిగానయ్యా, అడగలేదని ఎందుకనాలి?

"సలికి చేపలు లోతుల పండుకుంటయి దొరా. అవుతల మనిషి నిలబడి నీళ్లు తడితేనే మీ దిక్కు వస్తయి. గియ్యాల వెట్టి వీని ఇంటిది. మీరు సాలన్నదాంక బయటికి రాడు. ఫికర్ చేయకుర్రి."

వెట్టి అంటే తెలుసు కదా... జీతం బత్తెం లేని చాకిరీ. నాలుగణాల్లో దమ్మిడీ కూడా ఆ ఎల్లయ్యకు పోదు. గొంగడి ఒడ్డున పెట్టి దిగాడు. ఛాతీ లోతు. చీకట్లో కలిసిపోయాడు. తర్వాత చప్పుడు... టప్... టప్... అరచేత్తో నీళ్లను తట్టడం. చప్పుడుకు చేప పారిపోదా అంటారా? పారిపోతుంది. మన వైపే!

గాలం వేయడమే ఆలస్యం... బెండు మునిగింది. కొర్రమట్ట! మోచేతంత ఉంది. నా జన్మలో అంత చేప పట్టలేదు. మళ్లీ వేశాను, మళ్లీ పడింది. కొంతసేపటికొకసారి చప్పుడు ఆగేది. చీకట్లోంచి గొంతు వచ్చేది.

"సా... సాలా, దొ... దొరా?"

పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"ఇంకొక్కటి," అనేవాణ్ణి.

నిజం చెప్పనా? చేపలు ఎప్పుడో చాలినన్ని పడ్డాయి. సంచి నిండింది. నాకు ఆ ప్రశ్నే తీపెక్కింది. నా మాటను కచేరీలో చప్రాసీ కూడా వినడు. ఇక్కడ ఒక మనిషి నన్ను దొరా అంటున్నాడు... నా నోట్లోంచి ఒక్క మాట రాలితే తప్ప బయటికి రాలేడు. జ్వరం సంగతి నాకు తెలుసు. తెలిసే "ఇంకొక్కటి" అన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తు లేదు. థూ, నా బతుకు చెడ!

సగం రాత్రి అయింది. చప్పుడు ఆగింది. ఈసారి గొంతు రాలేదు.

నిలబడి కునుకు తీస్తున్నాడు సోమరి... అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. "ఏయ్, తట్టు!" అని కేకేశాను. చాలాసేపు చూశాను. కందీలు వెచ్చదనానికి నాకూ కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపో తెలియదు.

టప్.

కళ్లు తెరిచాను.

టప్... టప్... మళ్లీ మొదలైంది. కానీ వేరుగా ఉంది. మెల్లగా, మెత్తగా... పసిపిల్లను నిద్రపుచ్చడానికి తడతారే, అలా. గాలం వేశాను. నీళ్లలో పడీపడకముందే గుంజింది. తీశాను. తర్వాత... గాలంతో పనే లేకుండా పోయింది. చేపలు నా పాదాల దగ్గరికే వస్తున్నాయి. కందీలు ఎత్తి చూశాను. నీళ్ల అంచంతా వీపులు... నల్లటి వీపులు... ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వెనకాల ఉన్నదేదో చూసి బెదిరి గట్టెక్కాలని కొట్టుకుంటున్నాయి.

చప్పుడు ఆగింది.

"సాలా దొరా?"

వణుకు లేదు. ఇంత కూడా లేదు. మాట తెగకుండా, తడబడకుండా వచ్చింది. గుసగుసే... కానీ నేరుగా చెవిలో పడింది. అంత జ్వరంతో, అన్ని గంటలు నీళ్లలో నానిన మనిషి... వణక్కుండా ఎట్లా మాట్లాడతాడు?

కందీలు ఇంకా పైకెత్తాను.

టప్... ఈసారి దగ్గరగా.

"సాలా దొరా?"

"సాలు!" అని అరిచాను. "సాలు, బయటికి రా! నీ కాళ్లు మొక్కుత, రా!"

ఎవరూ రాలేదు. చేపలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి లోతుకు పోయాయి. అంతే. కుంట ఊరుకుంది.

నా అరుపుకు నర్సింలు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నరు దొరా?"

"ఎల్లయ్యతోని..."

"వాడింకేడున్నడు? ఎప్పుడో నీళ్లల్ల కూలబడ్డడు. ఇద్దర్ని పిలిచి ఇంటికి మోపిచ్చిన. మీరు పండుకున్నరని లేపలే. ఇల్లు చేరకముందే పానం పోయిందట."

"మరి... ఇప్పుడు నీళ్లు తట్టింది ఎవరు?"

నర్సింలు ముఖం పాలిపోయింది. కుంట వైపు చూశాడు కానీ నీళ్ల దగ్గరికి పోలేదు.

"వెట్టి ఇంటిమీద ఉంటది దొరా. మనిషి పడిపోతే ఇంట్లకెళ్లి ఇంకొకలు దిగాలె. గది కాయిదా. కాని... నేనెవల్నీ రమ్మనలే. అవ్వతోడు, పీనుగ ఇంటికి కబురెట్ల పంపుత?"

తెల్లవారింది. బస్సుకు పోయే దారి ఎల్లయ్య గుడిసె ముందు నుంచే. శవాన్ని బయట పడుకోబెట్టారు. పక్కన అతని భార్య కూర్చుని ఉంది. ఆమె జుట్టు తడిసి ఉంది. చీర తడిసి ఒంటికి అంటుకుని ఉంది. శవానికి నీళ్లు పోశారు, తడవదా? తడుస్తుంది... తడుస్తుంది కదా?

రాత్రి నీళ్లలోకి దిగావా తల్లీ అని ఒక్క మాట అడగాలి. గొంతు దాకా వచ్చింది. భుజాన చేపల సంచి బరువుగా ఉంది.

"బస్సు ఏడ ఆగుతది?" అన్నాను.

ఆమె నోరు తెరిచి ఒక్క మాట అన్నా రాత్రి విన్న గొంతు అదో కాదో గుర్తుపట్టేవాణ్ణి. ఆమె తల కూడా ఎత్తలేదు. చేత్తో సడక్ వైపు చూపించింది.

ఇన్నేళ్లయింది, ఇప్పటికీ నాకు తెలియదు. ఎల్లయ్య దయ్యమే అయి ఉండాలని రోజూ మొక్కుకుంటాను. మీరు దయ్యానికి భయపడతారు... నాకు అది దయ్యం కాదేమోనని భయం. కాకపోతే, మొగుడి శవాన్ని ఇంట్లో పడుకోబెట్టి వచ్చి ఆ తల్లి నాకు చేపలు తోలింది.