కారణం: వోల్టేజీ హెచ్చుతగ్గులు

దసరా సెలవులు ముగిసిన సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. ఆళ్లగడ్డలోని మా శాఖ ఉపకార్యాలయంలో కంప్యూటరు పనిచేయడం లేదనీ, అందులోని ఫైళ్లు తీసి ఇవ్వాలనీ నాకు ఆదేశం. అప్పుడు నేను నంద్యాల సాంకేతిక విభాగంలో జూనియర్ ఇంజనీరును. ఆ విభాగంలో సంతకాలు చేసేవాళ్లు ముగ్గురు, స్క్రూడ్రైవరు పట్టేవాణ్ణి నేనొక్కణ్ణి.

ఫైళ్లంటే వితంతువుల పింఛను దరఖాస్తులు. నాగవేణి అనే ఆపరేటరు నాలుగు నెలలు కూర్చుని వాటిని ఎక్కించింది. శుక్రవారంలోగా జాబితా పైకి వెళ్లాలి. కాగితాలు బీరువాలో ఉన్నాయి కానీ, నాలుగు నెలల పని నాలుగు రోజుల్లో తిరిగి ఎక్కదు. నకలు దాచుకోవడానికి పెన్ డ్రైవు కావాలని ఆమె వేసవిలోనే రాసి ఇచ్చింది. ఆ అర్జీ మాత్రం ఫైల్లో చెక్కుచెదరకుండా ఉంది.

నాగవేణి పొరుగుసేవల ఉద్యోగి. ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు వస్తేనే ఆమెకు పని. ఆపరేటరు అజాగ్రత్త వల్ల యంత్రం పాడైందని సూపరింటెండెంటు ఆమెకు అప్పటికే మెమో ఇచ్చాడు. జాబితా దొరక్కపోతే ఆ మెమో చాలు, ఆమెను పంపించడానికి. ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే.

నేను వెళ్లేసరికి కంప్యూటరు డబ్బా వరండాలో ఎండకు పెట్టి ఉంది. పక్కనే అటెండరు ఖాసిం కాకులను తోలుతున్నాడు.

"మూడు దినాలు ఎండబెట్టినాం సార్. బియ్యంలో పెడదామనుకుంటిమి గానీ, అంత డబ్బాకు బియ్యం యాడ తెచ్చేది?" అన్నాడు.

"తడిసిందా?" అని అడిగాను.

"అది నన్నడగొద్దు సార్, లోపల పెద్దసారు ఉండాడు."

పెద్దసారు, అంటే సూపరింటెండెంటు, నన్ను ఆదరంగా కూర్చోబెట్టాడు. "ఈడ వోల్టేజీ నిలబడదప్పా. ఒకతూరి ఎగురుతాది, ఒకతూరి పడతాది. దాని మీద ఆ పాప అజాగ్రత్త," అన్నాడు. నేను డబ్బా పక్కరేకు విప్పాను. మదర్‌బోర్డు మీద జిగట చార ఒకటి పైనుంచి కిందిదాకా పారి ఎండిపోయింది. అందులో కుంకుమ, రెండు కొబ్బరి పీచులు అంటుకుని ఉన్నాయి. వోల్టేజీకి పీచు ఉంటుందని నేనెక్కడా చదవలేదు.

జరిగింది నాగవేణి చెప్పింది. మా ఆఫీసుల్లో దసరా సెలవులకు ముందురోజు ఆయుధపూజ చేస్తాం. సీళ్లు, స్టాప్లర్లు, జీపు, అన్నింటికీ బొట్టు పెడతాం. ఆళ్లగడ్డ ఆఫీసులో మాత్రం కంప్యూటరుకు ప్రత్యేక మర్యాద. డబ్బా నెత్తిన బేతంచెర్ల బండ ముక్క ఒకటి పెట్టి, దాని మీద కొబ్బరికాయ కొడతారు. దెబ్బ యంత్రానికి తగలకూడదని బండ. నీళ్ల సంగతి బండను తెప్పించినవాళ్లకు తట్టలేదు. ఆ సంగతి తట్టింది నాగవేణికి. ఏటా బండ కింద ప్లాస్టిక్ పట్టా కప్పేది, యంత్రాన్ని ఆపేసేది. ఈ ఏడు సూపరింటెండెంటు రెండూ వద్దన్నాడు.

"దేవునికి ముసుగు తొడిగి చూపిస్తారా అమ్మా అన్నాడు సార్. ఆపేస్తా అంటే, నడస్తాండేదానికే పూజ, సచ్చినదానికి కాదు అన్నాడు," అంది ఆమె. "ఒక్క దెబ్బకే అది గూడ సచ్చింది."

తెర ఆరిపోగానే కరెంటు పోయిందనుకుని హారతి ముగించారట. ఆ తర్వాత తడి ఆరకుండానే నాలుగుసార్లు స్విచ్చి వేసి చూశారు. ఒకసారి వేస్తే బతికే భాగాలు నాలుగోసారికి బతకవు.

హార్డ్ డిస్కు విప్పుతుంటే సూపరింటెండెంటు పక్కకు వచ్చాడు. "దాని మూత గూడ తీసి చూస్తే పాయె గదా?" అన్నాడు. మూత తీయకూడదని చెప్పాను. లోపల తిరిగే పళ్లేలకూ వాటిని చదివే తలకూ మధ్య దుమ్ము రేణువు కూడా పట్టదు. మూత తెరిస్తే ఆ గదిలోని దుమ్మంతా ఫైళ్ల మీద కూర్చుంటుంది. డిస్కును కవరులో పెట్టి సీలు వేసి రసీదు రాశాను. ఇలాంటివాటికి తోడుగా అటెండరును పంపడం ఆనవాయితీ. సూపరింటెండెంటు తానే బయల్దేరాడు. ప్రభుత్వ ఆస్తి అంటే ఆయనకు ఇంత బాధ్యత ఉందని నాకు అంతకుముందు తెలియదు.

నంద్యాలలో బల్ల మీద పరీక్షిస్తే డిస్కు తిరగలేదు. దాని అడుగున ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. అధిక కరెంటు వచ్చినప్పుడు తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడే చిన్న డయోడు ఒకటి దాని మీద ఉంటుంది. అది తన పని చేసి పోయింది. దాన్ని తీసేసి, బోర్డును స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి కరెంటు ఇచ్చాను. డిస్కు తిరిగింది. ఇక్కడ తొందరపడేవాళ్లు నేరుగా ఫైళ్లు తెరుస్తారు. అలా చేయకూడదు. ఉన్నది ఉన్నట్టుగా మొదటి గడి నుంచి చివరి గడి దాకా మరో డిస్కులోకి నకలు తీసి, ఆ నకలులోనే వెతకాలి. నకలు ముగియడానికి మర్నాటి మధ్యాహ్నమైంది.

"ముందు 'ముఖ్యమైనవి' అని ఒక ఫోల్డరు ఉంటాది, అది తీయప్పా. పింఛన్లది యాడికి పోతాది," అన్నాడు సూపరింటెండెంటు.

ముఖ్యమైనవాటిలో ఆయన కట్టుకుంటున్న ఇంటి ప్లాను, బావమరిది కాంట్రాక్టుల ఉత్తరాలు, వాళ్లవీ వీళ్లవీ జాతకాలు ఉన్నాయి. ఆయన ముఖంలోకి అప్పుడు కళ తిరిగి వచ్చింది. నాగవేణి జాబితా పక్క ఫోల్డరులో ఒక్క పేరు కూడా పోకుండా ఉంది. తర్వాత ఆయనే ఉత్సాహంగా ఒక ఫొటో తెరిపించాడు.

"చూడు, పోయినేడు ఎంత బాగ చేసినామో!"

ఫొటోలో ఆయన కొబ్బరికాయ ఎత్తి నిలబడ్డాడు. కింద బేతంచెర్ల బండ, దాని కింద డబ్బా నిండా కప్పిన ప్లాస్టిక్ పట్టా. పట్టా అంచు పట్టుకుని నాగవేణి. వెనక తెర నల్లగా, ఆపేసి ఉంది.

నా నివేదిక ఫారంలో ఏడో గడి 'చెడిపోవడానికి కారణం'. ఈ ఫొటోను దానికి జతచేస్తానన్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఏందప్పా, దేవుని కార్యాన్ని గూడ ఫైలుకెక్కిస్తావా?"

"ఆ అమ్మాయి మెమోను ఎక్కించారు కదా సార్."

బేరం అక్కడ మొదలై టీ తాగేలోపు ముగిసింది. ఆయన మెమో రద్దు చేస్తూ అక్కడే రాసి సంతకం పెట్టాడు. నేను ఏడో గడిలో 'వోల్టేజీ హెచ్చుతగ్గులు' అని రాశాను. ఆ మాట రాయడం నాకు కొత్త కాదు. మా విభాగంలో సగం యంత్రాలు ఆ జబ్బుతోనే పోయాయి. కరెంటుకు మెమో ఇవ్వలేం, అది సంజాయిషీ రాయదు, అందుకని అందరికీ ఇష్టం.

జాబితా గురువారమే పైకి వెళ్లింది. డిస్కు తిరిగి ఇవ్వడానికి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు రద్దు ఉత్తర్వు నాగవేణి చేతికిచ్చాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె రెండుసార్లు చదివింది.

"వోల్టేజీ అని రాసినారా సార్?"

"నీ ఉద్యోగానికేం కాదమ్మా."

"ఉద్యోగం సరే సార్. నా తప్పు కాదని యాడా రాయల్యా మీరు. మెమో తీసేసినామని రాసినారు. తప్పు చేస్తే దయ తల్చి తీసేసినట్టుంది. నన్నొక మాట అడగల్యా మీరు," అంది. కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని టైపు చేయడం మొదలుపెట్టింది.

నాగవేణి జబ్బు చేసి పోయి రెండేళ్లయింది. నలభై నిండలేదు. సంతాప సభకు సూపరింటెండెంటు నంద్యాల నుంచి కారులో వచ్చాడు, అప్పటికి పై హోదా. ఆమె శ్రద్ధ గురించీ, యంత్రాలను కన్నబిడ్డల్లా చూసుకోవడం గురించీ చాలాసేపు మాట్లాడాడు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆయన చెప్పినదంతా నిజమే. ఆమె ఫైల్లో మాత్రం అందులో ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం రాయగల అధికారం ఒక మధ్యాహ్నం నా చేతిలో ఉండింది.

యంత్రం చెడిన కారణం ఎప్పుడూ యంత్రంలోనే దొరుకుతుంది, విప్పి చూస్తే చాలు. దాన్ని కాగితం మీద పెట్టడం వేరే పని. ఆ పనికి నన్ను నియమించారు, నేను దాన్ని అమ్ముకున్నాను. మంచి ధరకే అమ్మానని చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను రిటైరవడానికి కొంత ముందు ఫారం మారింది. ఫైళ్లు ఇప్పుడు ఎక్కడో సర్వర్లలో ఉంటాయి. పోయిన యంత్రాన్ని తీసి కొత్తది పెడతారు, పాతది వేలానికి వెళుతుంది. కొత్త ఫారంలో ఆరు గడులే. యంత్రం ఎందుకు చెడిందో ఇప్పుడు ఎవరూ రాయడం లేదు.